రాజీవ్ రహదారి పక్క ఊళ్లకు సర్వీసు రోడ్లు ఎప్పుడు?

సంపాదకుడు గారికి నమస్కారం.

సికింద్రాబాద్ ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట ఔటర్ రింగు రోడ్డు దాకా రాజీవ్ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. రక్షణ శాఖ భూముల చిక్కు ఏళ్ల తరబడి తెగలేదు. అది తెగినందుకు కరీంనగర్ వైపు నుంచి పట్నం వచ్చే మాలాంటి వాళ్లందరికీ సంతోషమే. తిరుమలగిరి, అల్వాల్ దగ్గర అంబులెన్సులు కూడా కదలలేక నిలబడిపోవడం అందరం చూస్తున్నదే. అయితే ఈ రోడ్డు గురించి ఏ చర్చ జరిగినా శామీర్‌పేటలోనే ఆగిపోతోంది. అక్కడి నుంచి రామగుండం దాకా ఉన్న 200 కిలోమీటర్ల పైచిలుకు దారిని, దాని పక్కనే బతుకుతున్న ఊళ్లను ఎవరూ పట్టించుకోవడం లేదు. ఈ లేఖ దాని గురించే.

ఇది మన రాష్ట్ర రహదారుల్లో ఒకటో నంబరుది. శామీర్‌పేట చెరువు పక్క నుంచి తుర్కపల్లి, వంటిమామిడి, ములుగు, ప్రజ్ఞాపూర్, కుకునూర్‌పల్లి మీదుగా సిద్దిపేట చేరుతుంది. అక్కడి నుంచి శనిగరం, తిమ్మాపూర్, లోయర్ మానేరు డ్యాం (ఎల్ఎండీ) దాటి అల్గునూరు దగ్గర మానేరు మీదుగా కరీంనగర్‌లోకి వస్తుంది. ఆపైన సుల్తానాబాద్, పెద్దపల్లి, బసంత్‌నగర్, ఎన్టీపీసీ, గోదావరిఖని, గోదావరి వంతెన, మంచిర్యాల. బొగ్గు, కరెంటు, సిమెంటు, ఎరువులు, బియ్యం, కూరగాయలు అన్నీ ఈ ఒక్క దారి మీదే పోతాయి. 1978లో రామగుండంలో ఎన్టీపీసీకి పునాది పడింది. మూతపడ్డ ఎరువుల ఫ్యాక్టరీ మళ్లీ 2021లో నడవడం మొదలైంది. అటు ఏది వచ్చినా ఆ బరువు మోసింది ఈ రోడ్డే.

తెలంగాణ ఉద్యమం కూడా ఈ రోడ్డు మీద నడిచింది. 2009 నవంబర్ 29న సిద్దిపేట రంగధాంపల్లిలో ఆమరణ దీక్షకు కరీంనగర్ నుంచి బయల్దేరిన కేసీఆర్‌ను పోలీసులు అరెస్టు చేసింది అల్గునూరు చౌరస్తాలో. దీక్షాస్థలం, అరెస్టు చేసిన చోటు రెండూ ఈ రహదారి మీదివే. ఇప్పుడు ఆ చౌరస్తాల్లో ఆగే పిల్లలకు ఈ సంగతి చెప్పే బోర్డు ఒక్కటైనా పెడితే బాగుండును. అది వేరే కోరిక, ప్రస్తుతానికి పక్కన పెడతాను.

నాలుగు వరుసల పని పూర్తయి టోల్ వసూలు మొదలైంది 2014లో. దుద్దెడ, రేణికుంట, బసంత్‌నగర్ దగ్గర మూడు టోల్ గేట్లు. రోడ్డు వెడల్పయింది, మధ్యలో డివైడర్ వచ్చింది, బండ్ల వేగం పెరిగింది. ఊళ్లు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఒక పక్క ఇళ్లు, ఇంకో పక్క పొలాలు. బడి ఇటు, బస్టాపు అటు. చాలా ఊళ్ల దగ్గర ఊరి బండ్లు తిరగడానికి పక్కన వేసే సర్వీసు రోడ్డు లేదు, అండర్‌పాస్ లేదు. పొలం నుంచి ఇంటికి రావాలంటే యూ టర్న్ కోసం దూరం పోయి తిరిగి రావాలి. డీజిల్ ధర చూసుకునే రైతు అంత చుట్టు తిరుగుతాడా? రాంగ్ రూట్లో ట్రాక్టర్ ఎక్కిస్తాడు. తప్పే, కాదనను. కానీ ఆ తప్పు చేయక తప్పని రోడ్డు వేసిన వాళ్లకు బాధ్యత లేదా?

చీకటి పడ్డాక ఆ ట్రాక్టర్‌ను ఒకసారి చూడండి. వెనక ట్రాలీకి లైటు ఉండదు, రేడియం స్టిక్కర్ ఉండదు. ట్రాలీ నిండా వడ్లో గడ్డో. వంద స్పీడు మీద వచ్చే కారుకు అది దగ్గరికొచ్చేదాకా కనపడదు. అలాగే పొద్దున పూట కూరగాయల గంపలతో ఆడవాళ్లు డివైడర్ మీది మొక్కల మధ్య నిలబడి, అటువైపు బండ్ల మధ్య సందు దొరకడానికి ఎదురుచూస్తుంటారు. వంటిమామిడి మార్కెట్ వైపు పోయేవాళ్లకు ఇది రోజూ ఉండే టెన్షనే.

పదేళ్లలో రోడ్డు పక్కన జరిగిన మార్పులు చూస్తే భయం ఇంకా పెరుగుతుంది. ములుగులో హార్టికల్చర్ యూనివర్సిటీ, ఫారెస్ట్ కాలేజీ వచ్చాయి. సిద్దిపేట 2016లో జిల్లా అయింది, 2021లో దుద్దెడ దగ్గర కొత్త కలెక్టరేట్ ప్రారంభమైంది. పింఛను కాగితాలు పట్టుకుని వచ్చే ముసలివాళ్లు, భూమి రికార్డుల్లో తప్పులు సరిచేయించుకోవడానికి వచ్చిన రైతులు, కాలేజీ పిల్లలు, అందరూ దిగేది ఈ రోడ్డు మీదే. రోడ్డు డిజైన్ చేసిన నాటికి ఇవేవీ లేవు. మరి ఇవన్నీ కట్టినప్పుడైనా ఎదురుగా రోడ్డు దాటే ఏర్పాటు గట్టిగా చేయాలి కదా.

ఇక వడ్ల సంగతి. రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తున్నారని ప్రతి సీజన్‌లో పోలీసులు హెచ్చరిస్తారు, పేపర్లలో ఫొటోలు వస్తాయి, రైతును నాలుగు మాటలంటారు. రైతు రోడ్డెక్కేది సరదాకు కాదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. హార్వెస్టర్‌తో కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. ఎండబెట్టడానికి ఊళ్లో కల్లం లేదు, తారు రోడ్డు వేడికి తొందరగా ఆరతాయి. కల్లాలకు ఉపాధి హామీ డబ్బులు వాడటం మీద 2022లో కేంద్రానికీ రాష్ట్రానికీ పెద్ద గొడవే నడిచింది. ఆ గొడవలో ఎవరిది ఒప్పైనా, రైతు మాత్రం ఇంకా రోడ్డు మీదే ఉన్నాడు.

అసలు ప్రమాదం వడ్లకన్నా రాళ్లతో. కుప్ప మీదికి బండ్లు రాకుండా చుట్టూ బండరాళ్లు పెడతారు, పైన నల్ల టార్పాలిన్ కప్పుతారు. వడ్లు ఎత్తాక రాళ్లను అక్కడే వదిలేస్తారు. రాత్రి బైకు మీద వచ్చేవాడికి నల్ల రోడ్డు మీద నల్ల టార్పాలిన్ కనపడదు, రాయీ కనపడదు. ఈ మాట రైతు సోదరులకు కూడా చెప్తున్నాను. వడ్లు ఎత్తిన రోజే రాళ్లు కూడా ఎత్తండి. మన ఊరి పిల్లలే ఆ దారిన డ్యూటీ దిగి వస్తారు.

ఇంకో సంగతి. ఈ రహదారిని అడ్డంగా దాటే మెదక్–సిద్దిపేట–ఎల్కతుర్తి దారి జాతీయ రహదారి అయింది. జగిత్యాల–కరీంనగర్–వరంగల్ దారీ అయింది. రాష్ట్ర రాజధానిని ఉత్తర తెలంగాణతో కలిపే రాజీవ్ రహదారి మాత్రం రాష్ట్రం చేతిలోనే, టోల్ ఒప్పందం కిందే ఉంది. రాష్ట్రం చేతిలో ఉండటం నా లెక్కన మంచిదే, అడగడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. అందుకే అడుగుతున్నాను. ఒప్పందం ప్రకారం ఏయే ఊళ్ల దగ్గర సర్వీసు రోడ్లు, లైట్లు, బస్ బేలు ఉండాలి, అందులో ఎన్ని కట్టారు, మిగిలినవి ఎప్పటికి కడతారు? ఆర్ అండ్ బీ శాఖ ఈ లెక్కను ఊరి పేర్లతో సహా బయట పెట్టాలి. ఒప్పందంలో లేకపోతే లేదనే చెప్పాలి. అప్పుడు ప్రభుత్వమే డబ్బులిచ్చి కట్టాలి. నగరం చివర 18 కిలోమీటర్ల కారిడార్‌కు వేల కోట్లు పెట్టగలిగినప్పుడు, ఊరి ముందు అర కిలోమీటరు సర్వీసు రోడ్డుకు నిధులు లేవంటే నమ్మలేం.

కారిడార్ పూర్తయితే సిటీలో ఆగి ఆగి వచ్చే బండ్లన్నీ శామీర్‌పేట దగ్గర ఒక్కసారిగా వదిలినట్టు వస్తాయి. అక్కడి నుంచి ముందు తగిలేవి తుర్కపల్లి, వంటిమామిడి, ములుగే. అందుకని కారిడార్ పనితో పాటే ఈ మూడు ఊళ్ల దగ్గర సర్వీసు రోడ్లు, పాదచారులకు అండర్‌పాస్‌లు మొదలుపెట్టాలని, తర్వాత సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి జిల్లాల ఊళ్లకు వరసగా రావాలని కోరుతున్నాను. యాసంగి కోతలు మొదలయ్యేలోపు మాత్రం ఖర్చు పెద్దగా లేని పనులు రెండు చేయవచ్చు. కొనుగోలు కేంద్రాల దగ్గర ఖాళీగా ఉన్న ప్రభుత్వ స్థలాలు చదును చేసి వడ్లు ఆరబోయడానికి ఇవ్వడం ఒకటి. మండలంలోని ప్రతి ట్రాలీకి రేడియం స్టిక్కర్లు అతికించడం రెండోది. కలెక్టర్లు, పోలీసు కమిషనర్లు తలుచుకుంటే ఇవి రెండూ వారం పదిరోజుల్లో అయిపోతాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సిద్దిపేట జిల్లా.