చిన్నోణ్ని జిమ్ మాన్పించకు నాన్నా

బర్మింగ్‌హామ్,
ఆదివారం

నాన్నకి,

చిన్నోడి జిమ్ ఫీజు కట్టడం ఆపేశావని అమ్మ చెప్పింది. బరువులెత్తితే ఒళ్లు వేడి చేసి జుట్టు ఊడిపోతుందని సెలూన్‌లో ఎవరో అన్నారట, పక్కింటాయనా అవునన్నారట. ఇరవై రెండేళ్లకే ఇలా అయితే రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎలా అని నీ టెన్షన్. ఆ బెంగ నాకూ ఉంది. కానీ వాణ్ని జిమ్ మాన్పించడం మాత్రం సరికాదు. ఫోన్‌లో అయితే మాటా మాటా పెరుగుతుందని ఉత్తరం రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

వాడు పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి జరిగింది, నడినెత్తిన పలచబడుతోంది. చెవుల పైన, మెడ వెనక మాత్రం ఒత్తుగానే ఉంది. వంశంలో వచ్చే బట్టతల ఇలాగే మొదలవుతుంది. మీ పెళ్లి ఆల్బమ్‌లో తలంబ్రాల ఫోటో తీసి, బాసికానికి రెండు వైపులా నీ నుదురు చూడు. అదే తీరు. నువ్వెప్పుడు బరువులెత్తావు? తాతయ్య ఎప్పుడెత్తాడు? మేనమామ పోలిక అంటారే, అందులోనూ కొంత నిజముంది. మగ హార్మోన్‌కు స్పందించే జన్యువొకటి ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అది మగపిల్లాడికి తల్లి నుంచే వస్తుంది. అయితే బట్టతలకు కారణమయ్యే జన్యువులు ఇంకా చాలా ఉన్నాయి, అవి తండ్రి వైపు నుంచీ వస్తాయి. కాబట్టి నువ్వూ అమ్మా ఒకరినొకరు అనుకోవడం మానండి.

జిమ్‌కీ జుట్టుకీ జనం ముడిపెట్టేది టెస్టోస్టిరాన్ వల్ల. ఒంట్లో ఒక ఎంజైమ్ ఆ హార్మోన్‌లో కొంత భాగాన్ని డీహెచ్‌టీ అనేదిగా మారుస్తుంది. కొందరి నెత్తిమీది వెంట్రుకల కుదుళ్లు పుట్టుకతోనే ఈ డీహెచ్‌టీకి లొంగిపోయే రకం. అవి ఏటికేడు చిక్కిపోయి, లావు వెంట్రుక మొలిచిన చోట నూగు మొలుస్తుంది. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ సంగతి తేల్చాడు. యుక్తవయసు రాకముందే వృషణాలు పోయిన మగవాళ్లకు బట్టతల రాలేదు. వాళ్లకు టెస్టోస్టిరాన్ ఇచ్చి చూస్తే, వంశంలో బట్టతల ఉన్నవాళ్లకు జుట్టు ఊడటం మొదలైంది. అంటే హార్మోన్ కావాలి, దానికి లొంగే కుదుళ్లూ కావాలి. బట్టతల ఉన్నవాళ్ల రక్తంలో టెస్టోస్టిరాన్ మిగతావాళ్లకన్నా ఎక్కువేం ఉండదు, తేడా అంతా కుదుళ్లలోనే.

మరి బరువులెత్తితే హార్మోన్ పెరగదా అంటావు. పెరుగుతుంది, కొద్దిగా. గంట గడిచేసరికి మళ్లీ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. అంతమాత్రానికి జుట్టు ఊడిపోదు. మన కొండవెలగాడలో ఇంటింటా బరువులెత్తుతారు, ఊళ్లో మగవాళ్లందరికీ బట్టతలలున్నాయా? 2000లో సిడ్నీలో మల్లీశ్వరి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చినప్పుడు, మన శ్రీకాకుళం పిల్ల అని వీధంతా చెప్పుకు తిరిగింది నువ్వే. కొడుకు బరువు పట్టుకునేసరికి ఈ భయమెందుకు?

వాడి షెల్ఫ్‌లో క్రియాటిన్ అనే, కండబలం కోసం జిమ్ కుర్రాళ్లు తాగే పొడి డబ్బా చూసి అమ్మ హడలిపోయిందట. దానివల్ల జుట్టు ఊడుతుందన్న పుకారుకు మూలం 2009లో దక్షిణాఫ్రికాలో రగ్బీ ఆడే కాలేజీ కుర్రాళ్ల మీద జరిగిన ఒక చిన్న పరిశోధన. మూడు వారాలు క్రియాటిన్ ఇస్తే వాళ్ల రక్తంలో డీహెచ్‌టీ పెరిగింది. కానీ వాళ్ల జుట్టును ఎవరూ పరీక్షించలేదు. 2025లో వచ్చిన మరో పరిశోధనలో రోజుకు 5 గ్రాముల చొప్పున పన్నెండు వారాలు ఇచ్చి, ఈసారి జుట్టునూ కొలిచారు. క్రియాటిన్ తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ తేడా కనిపించలేదు. కాబట్టి ఆ డబ్బా గురించి నాకు పెద్ద భయం లేదు.

నాకు భయమంతా ఇంజెక్షన్ల గురించి. నేను పనిచేసే మందుల షాపులో, వాడిన సూదులు తీసుకుని కొత్తవి ఉచితంగా ఇచ్చే ఏర్పాటుంది. మత్తుమందుల వాళ్ల కోసమే అనుకుంటారు గానీ, నా కౌంటర్ దగ్గరికి కండలు తిరిగిన కుర్రాళ్లు కూడా జిమ్ బ్యాగ్ భుజాన వేసుకుని వస్తారు. స్టెరాయిడ్లు, అంటే కండల కోసం మగ హార్మోన్ లాంటి మందులు, పొడుచుకోవడానికి. ఇక్కడ బ్రిటన్‌లో వాటిని సొంతానికి దగ్గర ఉంచుకుంటే నేరం కాదు, అమ్మితే నేరం. మొన్న ఒకబ్బాయి సంచీ అందుకుంటూ టోపీ తీసి, దీనికేమైనా మందుందా అని మెల్లిగా అడిగాడు. చిన్నోడి వయసే ఉంటుంది, నడినెత్తిన చర్మం మెరుస్తోంది. వ్యాయామంతో గంటసేపు కాస్త పెరిగే హార్మోన్ వేరు, బయటినుంచి వారం వారం ఎక్కించే మోతాదు వేరు. వంశంలో బట్టతల ఉన్నవాడికి పదేళ్లలో ఊడేది నెలల్లో ఊడిపోవచ్చు. జుట్టుతో ఆగదు. బయటి హార్మోన్ వస్తుంటే ఒళ్లు సొంతంగా తయారుచేయడం మానేస్తుంది, వీర్యకణాలు తగ్గిపోతాయి, గుండెకూ ముప్పే. ఈ ఇంజెక్షన్లనే ‘సైకిల్’ అనో ‘టెస్ట్’ అనో ‘డెకా’ అనో జిమ్‌లో చెప్పుకుంటుంటారు. ఆ మాటలు వాడి నోట వింటే వెంటనే నాకు ఫోన్ చెయ్యి.

ఇంకో సంగతి. దిండు మీద గుప్పెడు జుట్టు కనిపిస్తోందని అమ్మ అంది. వంశపు బట్టతల అలా గుప్పెళ్లతో ఊడదు, మెల్లగా పలచబడుతుంది. వాడు వేసవిలో అన్నం మానేసి ‘కటింగ్’ అంటూ బాగా బరువు తగ్గాడు కదా. కడుపు మాడ్చుకున్నా, టైఫాయిడ్ లాంటి జ్వరం వచ్చినా రెండు మూడు నెలల తర్వాత ఇలా రాలుతుంది. మళ్లీ సరిగ్గా తింటే కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. కాబట్టి అమ్మని వాడికి అన్నం, పప్పు, గుడ్లు దండిగా పెట్టమను. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించు.

తర్వాత మంచి చర్మ డాక్టర్‌కి చూపించు. ఇప్పుడే వెళ్లాలి, ఉన్న జుట్టును నిలబెట్టడం తేలిక, పోయిన కుదురును తేవడం కష్టం. మినాక్సిడిల్ పూత, ఫినాస్టెరైడ్ మాత్ర, ఈ రెంటికీ గట్టి రుజువులున్నాయి. డొమినికన్ రిపబ్లిక్‌లో నేను చెప్పిన ఎంజైమ్ పుట్టుకతోనే లోపించిన మగవాళ్లున్నారు, వాళ్లకు బట్టతల రాదు. 1974లో ఆ సంగతి బయటపడ్డాకే, అదే ఎంజైమ్‌ను అడ్డుకునే ఫినాస్టెరైడ్ వచ్చింది. ఫలితం కనపడటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, మానేస్తే ఫలితమూ పోతుంది. ఫినాస్టెరైడ్‌తో కొందరికి లైంగిక ఇబ్బందులు, మనసు కుంగిపోవడం ఉంటాయి, అందుకే ఇక్కడ ఆ మందుతో పాటు హెచ్చరిక కార్డు కూడా ఇస్తున్నాం. మందుల షాపులో అడిగి కొనుక్కుని మింగేది కాదు, డాక్టర్ రాస్తేనే.

జిమ్ ఫీజు ఈ నెల నుంచి నేను పంపుతాను. సూది ఏమైనా వేయించుకున్నావా అని నేనడిగితే వాడు లేదన్నాడు. నువ్వూ ఒకసారి అడుగు, అరవకుండా, అమ్మ లేనప్పుడు. నీ దగ్గర వాడు అబద్ధం చెప్పడు.

నీ కూతురు,
సుధ