డివిజన్ 2కి అప్లై చేసే ముందు రోస్టర్ తెరువు

ఒరేయ్ శీనుగా,

నీ మెసేజ్ చదివాను. హూప్స్ డైనాస్టీలో, అదే అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌కి కోచ్‌గా ఉండే ఆ ఆన్‌లైన్ ఆటలో, అడుగు మెట్టయిన నీ డివిజన్ 3 టీమ్ నేషనల్ టోర్నమెంట్‌కి చేరింది కాబట్టి ఈ సీజన్ అయిపోగానే డివిజన్ 2కి ఎగిరిపోవాలని ఉవ్విళ్ళూరుతున్నావు. వెళ్ళొద్దని అననులే. కానీ కాలేజీ పేరూ, దాని ప్రెస్టీజ్ (పరువు) గ్రేడూ చూసి అప్లై చేస్తే మాత్రం మూడు సీజన్లు తల పట్టుకుంటావు. ఈ ఆటలో ఉద్యోగం రావడం పెద్ద విషయం కాదురా. ఇల్లు అలకగానే పండగ కాదు కదా, వెళ్ళిన చోట ఏం దొరుకుతుందన్నదే అసలు సంగతి.

ముందు రోస్టర్, అంటే ఆటగాళ్ళ జాబితా, తెరువు. ఉండేది పన్నెండు మందే. ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది), సోఫమోర్, జూనియర్, సీనియర్ (ఆఖరి ఏడాది) నాలుగు తరగతుల్లో తలా ముగ్గురు ఉంటే అది ఆరోగ్యమైన టీమ్. ఏటా ముగ్గురు పోతారు, ముగ్గురు వస్తారు, తొమ్మిది మంది పాతవాళ్ళే కాబట్టి ఆట చెడదు. ఇప్పుడు ఆరుగురు సీనియర్లున్న టీమ్ చూడు. పోయిన సీజన్ రికార్డు మెరిసిపోతుంటుంది, ప్రెస్టీజ్ కూడా బాగుంటుంది. ఆ గెలుపులు తెచ్చింది ఆ ఆరుగురే, నువ్వు కుర్చీలో కూర్చునే సరికి వాళ్ళు ఉండరు. వాళ్ళ బదులు ఒకేసారి ఆరుగురు ఫ్రెష్‌మన్లని తెచ్చావనుకో, మొదటి ఏడాది మునుగుతావు, నాలుగేళ్ళకి ఆ ఆరుగురూ కట్టగట్టుకుని పోతారు, మళ్ళీ మొదటికే. అందుకే ఆరు ఖాళీలుంటే నాలుగే నింపి, మిగతా రెండూ వాకాన్లతో (స్కాలర్‌షిప్ లేకుండా ఆడేవాళ్ళతో) నడిపి, వచ్చే ఏడాదికి దాచుకోవడం మేలు. బెంచీ పలచబడుతుంది, ఆ ఏడాదికి ఓర్చుకోవాలి.

రెండోది, ఆ టీమ్ ఏ పద్ధతిలో ఆడుతోంది? నువ్వు మోషన్ అఫెన్స్ (అందరూ కదులుతూ పాస్‌లతో ఆడే దాడి), మ్యాన్ టు మ్యాన్ డిఫెన్స్ (ఒక్కొక్కడు ఒక్కొక్కణ్ణి కాచే పద్ధతి) ఆడిస్తున్నావు. పాత కోచ్ ఫాస్ట్‌బ్రేక్ (బంతి దొరకగానే పరుగున దాడి), ఫుల్ కోర్ట్ ప్రెస్ (కోర్టంతా వెంటపడి కాచడం) నేర్పించి ఉంటే ప్రెస్‌లో ఎ గ్రేడ్ ఐక్యూ (ఆ పద్ధతి ఎంత వంటబట్టిందో చెప్పే గ్రేడ్) ఉన్న జూనియర్ నీ మ్యాన్ టు మ్యాన్‌లో అడుగున ఉంటాడు. ఐక్యూ నెమ్మదిగా పెరిగేది, రాత్రికి రాత్రి రాదు. కాబట్టి నీ పద్ధతే ఆడుతున్న కాలేజీని వెతుక్కో, లేదా మొదటి రెండేళ్ళు వాళ్ళ పద్ధతిలోనే లాక్కురా. వాళ్ళు ప్రెస్ ఆడేవాళ్ళయితే కనీసం పది మందికి స్టామినా దండిగా ఉందో లేదో చూడు. ప్రెస్‌లో అలుపూ ఎక్కువే, ఫౌల్సూ ఎక్కువే. ఏడుగురితో ప్రెస్ ఆడిస్తే సెకండ్ హాఫ్‌లో కాళ్ళు లేవవు.

ఇక రిక్రూటింగ్, అంటే కొత్త కుర్రాళ్ళని టీమ్‌లోకి తెచ్చుకోవడం. అది రెండు పీరియడ్లలో జరుగుతుంది. కొత్త కోచ్‌లంతా బోర్లాపడేది ఇక్కడే. మొదటి పీరియడ్ నువ్వు ఇంకా పాత కాలేజీలో ఉండగానే జరిగిపోతుంది. ఉద్యోగాలు మారేది ఆ తర్వాత. అంటే కొత్త చోట నీ చేతికొచ్చేది రెండో పీరియడ్ ఒక్కటే, మంచి కుర్రాళ్ళు చాలామంది అప్పటికే సంతకాలు పెట్టేసి ఉంటారు. నువ్వు ఏరుకోవలసింది మిగిలినవాళ్ళలోంచి. ఒక్కో కుర్రాడి పేజీలో ఎప్పుడు సంతకం చేస్తాడో రాసి ఉంటుంది. 'లేట్' అని ఉన్నవాళ్ళని ముందే ఒక జాబితాగా రాసి పెట్టుకో. పై మెట్టయిన డివిజన్ 1 వాళ్ళు కన్నేసి, తర్వాత పట్టించుకోకుండా వదిలేసినవాళ్ళు కూడా ఇందులో దొరుకుతారు.

డబ్బు చేతిలో ఉంది కదా అని విజిట్లతో మొదలుపెట్టడానికి వీల్లేదు. ముందు వాడి మీద అటెన్షన్ పాయింట్లు (నీ శ్రద్ధని చూపించే పాయింట్లు) పోయాలి, వాటితోనే స్కాలర్‌షిప్ ఆఫర్, విజిట్లు, వాగ్దానాలు తెరుచుకుంటాయి. కుర్రాడి మీద ఇంకెవరూ కన్నేయకపోతే ఆఫరూ కొద్ది పాయింట్లూ చాలు. పోటీ ఉంటే ఒక్కొక్కడికి ఇరవై హోమ్ విజిట్లు, ఒక క్యాంపస్ విజిట్ వరకూ వెళ్ళొచ్చు. దూరం పెరిగే కొద్దీ విజిట్ ఖర్చు పెరుగుతుంది కాబట్టి మూడు రాష్ట్రాల అవతల ఉన్నవాడి కోసం ఖజానా ఖాళీ చేయకు. వాడి ఇష్టాయిష్టాలూ చూడు. 'రీబిల్డ్' కోరుకునేవాడికి పడిపోయిన టీమే ముద్దు, 'సక్సెస్' కోరుకునేవాడికి నీ మొహం కూడా నచ్చదు.

స్టార్ట్ చేయిస్తానని, ఇన్ని నిమిషాలు ఆడిస్తానని మాటివ్వడం చాలా బలమైన ఆయుధం, అందుకే చేయి జారుతుంది. ఒకే పొజిషన్‌లో ఇద్దరు పాయింట్ గార్డ్‌లకి స్టార్ట్ ఇస్తానన్నావనుకో, ఎవడో ఒకడికి మాట తప్పుతావు. వాడి వర్క్ ఎథిక్ పడిపోతుంది, సీజన్ చివర వేరే కాలేజీకి పోయినా పోతాడు. పోయింది స్కాలర్‌షిప్ ఒక్కటే కాదు, ఏడాది పొడుగునా వాడి మీద పెట్టిన ప్రాక్టీస్ కూడా.

ప్రాక్టీస్ ప్లాన్‌లో ఒక ఉదాహరణ చెప్తా. నీ పవర్ ఫార్వర్డ్‌కి రీబౌండింగ్ (తప్పిన షాట్ బంతిని అందుకోవడం) 62, పొటెన్షియల్ (ఇంకా పెరిగే అవకాశం) హై. లో పోస్ట్ (బుట్ట దగ్గర నుంచి స్కోరు చెయ్యడం) 34, అది ఎర్రగా ఉంది, అంటే ఇక పెరిగేది పిసరంతే. చాలామంది లోటు కనిపించిన చోటే నిమిషాలు గుమ్మరిస్తారు. వద్దు. ఎర్రదానికి కిందికి జారకుండా ఉండేంత మాత్రం ఇచ్చి మిగతావి రీబౌండింగ్‌కి తోసెయ్. స్టడీ హాల్‌ని మాత్రం సున్నా చెయ్యకు. జీపీఏ (చదువు మార్కుల సగటు) 2.0 కిందికి పోతే వాడు ఆడడానికే అనర్హుడు. కంప్యూటర్ ఆటలో కూడా చదువు గోల తప్పలేదు చూడు!

షెడ్యూల్ సంగతి క్లుప్తంగా. నీ టీమ్ ఉండే కాన్ఫరెన్స్‌ (జట్ల గుంపు)లో పన్నెండు టీమ్‌లు. మీ సగంలో ఉన్న ఐదుగురితో రెండేసి, అవతలి ఆరుగురితో ఒక్కోటి, వెరసి 16 ఆటలు నీ చేతిలో లేవు. మిగతావి నువ్వే వేసుకుంటావు. అసలు ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంస్థ) 2018లో టీమ్‌ల బలాన్ని లెక్కగట్టే ఆర్‌పీఐని పక్కనపెట్టి నెట్ అనే కొత్త లెక్కకి మారింది కానీ, ఈ ఆటలో ఆర్‌పీఐ ఇంకా చూస్తూనే ఉండాలి. అందులో నీ గెలుపుల వాటా 25 శాతమే, ప్రత్యర్థుల రికార్డుది 50, వాళ్ళ ప్రత్యర్థులది ఇంకో 25. అడుగున ఉన్న టీమ్‌లని ఏరుకుని చితక్కొడితే రికార్డు బాగుంటుంది, టోర్నమెంట్ ఆహ్వానం మాత్రం కష్టమే.

డివిజన్ 1కి ఎప్పుడెళ్ళాలని కూడా అప్పుడే అడిగావు చూడు, నీ ఆత్రం! అక్కడ ప్రతి కాలేజీకీ ఒక బేస్‌లైన్ ప్రెస్టీజ్, అంటే పునాది గ్రేడ్, ఉంటుంది. చిన్న కాలేజీని ఎంత పైకి లేపినా అది కిందికి లాగుతూనే ఉంటుంది, పెద్ద కాలేజీలో సరిగ్గా చెయ్యకపోతే ఉద్యోగమే పోతుంది. డివిజన్ 2లో నాలుగు సీజన్లు గట్టిగా నిలబడు, అంటే నువ్వు తెచ్చిన మొదటి బ్యాచ్ సీనియర్లు అయ్యేదాకా. అప్పుడు నీకు కనిపించే రోస్టర్ పూర్తిగా నీదే.

ఈ రాత్రికి మూడు కాలేజీలు ఎంచుకుని, సీనియర్లు ఎందరు, ఏ అఫెన్స్, ఏ డిఫెన్స్, ఎన్ని ఖాళీలు అని ఒక కాగితం మీద రాసి నాకు ఫొటో పెట్టు. అప్లై బటన్ మాత్రం అప్పటిదాకా ముట్టుకోకు.

ఉంటాను మరి,
నీ కిట్టు