రాత్రి గాలానికి వెళ్లేవారు కొనదగిన పడక

గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. చలికాలంలో నాగార్జునసాగర్ వెనుక జలాల ఒడ్డున రాత్రి బస చేయదలచినవారు పడక కొనే ముందు ఒక్క సంగతి గమనించగలరు: మనల్ని వణికించడంలో పైనుంచి వీచే గాలికి ఎంత పాత్ర ఉందో, ఒంట్లోని వేడిని లాగేసుకునే కింది నేలకూ అంతే ఉంది. ఇంట్లో హాయినిచ్చే దూది బొంత అక్కడ మంచుకు తడిసి, తెల్లవారేసరికి మోయలేనంత బరువెక్కుతుంది. గాలి నింపే పరుపు మెత్తగానే ఉంటుంది గానీ, తుమ్మముల్లు మాట అటుంచి, మన గాలపు కొక్కెమే ఒక్కసారి గుచ్చుకున్నా అర్ధరాత్రికల్లా రాళ్ల మీద పడుకున్నట్టే అవుతుంది. నాకు రెండుసార్లు ఆ అనుభవం కలిగింది.

నీరు పీల్చని, సుమారు 10 మిల్లీమీటర్ల మందమున్న ఫోమ్ చాపే నా దృష్టిలో మేలైనది. చుడితే లావుగా కనిపిస్తుంది కానీ తేలిక కనుక సంచికి బయట కట్టుకోవచ్చు. దాని కింద టార్పాలిన్ పరిచి, అంచులు చాప కిందికి మడవండి; బయటికి వదిలితే వాటిపై చేరిన మంచునీరు చాప కిందికే జారుతుంది. పొడవు మీ ఎత్తుకన్నా జానెడు ఎక్కువ ఉండాలి. దోమతెర తప్పనిసరి.