ప్రకార్యం ఎవరికి?

సంపాదకులకు,

విజయనగరంలో పొడవాటి మాను మీద పూజారిని ఊరేగించే పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం వచ్చిందంటే ‘ఇన్నాళ్లు నిలిచిందంటే సమాజానికి అవసరం కాబట్టే’ అనే మాట వ్యాసాల్లోనూ క్లాసుల్లోనూ వినిపిస్తుంది. పోటీ పరీక్షలకు సమాజశాస్త్రం చదివే పిల్లలు ఇదే ప్రకార్యవాదం (ఒక ఆచారం సమాజంలో చేసే పనిని, అంటే ప్రకార్యాన్ని, బట్టి దాన్ని వివరించే పద్ధతి) అనుకుని జవాబులు రాసేస్తున్నారు. ఇది సగం మాట కూడా కాదు.

ఒక ఆచారం ఎందుకు పుట్టిందో, ఇప్పుడు ఏ పని చేస్తోందో విడివిడిగా వెతకాలని ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త డర్కైమ్ 1895లోనే చెప్పాడు. 1757 నాటి బొబ్బిలి యుద్ధం కథ సంబరం పుట్టుకను చెబుతుంది; నేడు అంతమంది ఎందుకు తరలివస్తున్నారో చెప్పదు. అక్కడ అమెరికా సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1949లో చేసిన విభజన అక్కరకొస్తుంది. తొలేళ్ల రాత్రి, అంటే సిరిమానుకు ముందు రోజు రాత్రి, రైతు విత్తనాలు అందుకునేది పంట బాగా పండాలని. అది వ్యక్త ప్రకార్యం, అంటే చేసేవాళ్లకు తెలిసిన ప్రయోజనం. మర్నాడు సిరిమాను ముందు పాలధార, బెస్తవారి వల నడుస్తాయి. వేర్వేరు పనులవాళ్లు ఒకే ఊరేగింపులో తమ చోటు చూసుకుంటారు, ఆడపడుచులు పుట్టింటికొస్తారు. ఊరంతా ఒకటనిపించే ఆ భావన ఎవరూ సంకల్పం చెప్పుకుని తెచ్చేది కాదు. అది గుప్త ప్రకార్యం, అంటే చేసేవాళ్లు అనుకోకుండానే కలిగే ప్రయోజనం.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. చిక్కంతా అందులోనే ఉంది. మెర్టన్ మూడు నమ్మకాలను తోసిపుచ్చాడు: ప్రతి ఆచారమూ సమాజం మొత్తానికీ మేలు చేస్తుందని, ఉన్న ప్రతిదానికీ ఏదో ఒక ప్రయోజనం ఉండితీరుతుందని, దాని స్థానంలో మరొకటి పనికిరాదని.

శ్రీకాకుళం, విజయనగరం తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కు వలస పోవడాన్నే తీసుకోండి. అక్కడి బోట్లకు మనుషులు దొరుకుతారు, ఇక్కడ అప్పు తీరుతుంది, చెల్లెలి పెళ్లి జరుగుతుంది. ప్రకార్యం ఉంది. కానీ ఎవరికి? నెలల తరబడి ముసలివాళ్ల మందులు, పిల్లల బడి ఒక్క ఆడమనిషి మీద పడతాయి. 2018లో సముద్రంలో వేటాడుతూ పాకిస్తాన్‌కు చిక్కిన మనవాళ్లలో 20 మంది 2020 జనవరికి గానీ ఇల్లు చేరలేదు. ఇది అపప్రకార్యం, అంటే దానివల్ల కలిగే నష్టం. జెట్టీ, ఐసు, శీతల గిడ్డంగి ఇక్కడే ఉంటే ఆ సంపాదన ఇంటి దగ్గరే రాదా అన్నది ప్రత్యామ్నాయం గురించిన ప్రశ్న. ఈ రెండూ అడగకుండా ‘వలసే ఊరిని నిలబెడుతోంది’ అంటే, ఉన్న కష్టానికి శాస్త్రం పేరుతో ముద్ర వేసినట్టే.

వలసల మీద వ్యాసం వేసినప్పుడు ఇంటికి ఎంత డబ్బు వచ్చిందన్న లెక్క పక్కనే, ఆ నెలల్లో ఇంటి దగ్గర ఎవరు ఏం మోశారో కూడా అచ్చువేయమని కోరుతున్నాం.

– సమాజశాస్త్ర అధ్యాపకులు, విజయనగరం