‘సంబంధిత సబ్జెక్టు’ అంటే ఏది? ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. అధ్యాపక నియామక ప్రకటనల్లో ‘సంబంధిత సబ్జెక్టులో పట్టా’ అని ఉంటుంది. నా విద్యార్థిని దారి ఆ మాట దగ్గరే మూసుకుపోయింది. ఆమె పరిశోధన తెలుగు పద్యం మీద, పద్ధతి భాషాశాస్త్రానిది. సాహిత్య శాఖకు దరఖాస్తు చేస్తే ఇది భాషాశాస్త్రమన్నారు, భాషాశాస్త్ర శాఖలో ఇది సాహిత్యమన్నారు. రెండు చోట్లా ఇంటర్వ్యూకే పిలవలేదు.

ఆ పరిశోధన ఎలాంటిదో చెప్పనివ్వండి. ఉత్పలమాల వృత్తంలో గణాలు (పాదాన్ని విడగొట్టే అక్షరాల గుంపులు) భ-ర-న-భ-భ-ర-వ, చంపకమాలవి న-జ-భ-జ-జ-జ-ర. రెంటికీ పోలికే లేదనిపిస్తుంది, బడిలో విడివిడిగానే వల్లె వేశాం. కానీ ఉత్పలమాల పాదంలో మొదటి గురువును, అంటే రెండు మాత్రల అక్షరాన్ని, రెండు లఘువులుగా, అంటే ఒక్కో మాత్ర అక్షరాలుగా, విడదీయండి. ఇంకేమీ కదల్చకుండానే చంపకమాల వస్తుంది! అక్షరాలు 20 నుంచి 21 కావడానికీ, యతి 10వ అక్షరం నుంచి 11కు జరగడానికీ కారణం అదే. మాత్రలు రెండింటిలోనూ 28. మూడేసి అక్షరాలుగా కోసి చూడటం వల్లే ఈ బంధుత్వం మరుగున పడింది.

యతి సంగతి ఇంకా లోతైనది. సంస్కృతంలో యతి అంటే విరామం, తెలుగులో అక్షరాల మైత్రి: పాదం మొదటి అక్షరానికి యతిస్థానంలోని అక్షరం పొసగాలి. చ, జ, శ, స ఒకదానితో ఒకటి చెల్లుతాయి. మొదటి మూడూ తాలవ్యాలు (దవడల దగ్గర పుట్టేవి) కనుక సరే, దంత్యమైన (దంతాల దగ్గర పుట్టే) ‘స’ వాటితో ఎలా కలిసింది? కవుల చెవికి ఏ పోలిక వినబడింది? ఇది అడగాలంటే పద్యం నోటికి రావాలి, ధ్వనిశాస్త్రమూ తెలియాలి. ఒక్కటే తెలిసినవారికి ఈ ప్రశ్నే తట్టదు.

కవిత్వ విచారణ భాషాశాస్త్రంలో భాగమేనని భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ 1958లో ఇండియానా విశ్వవిద్యాలయ సదస్సులో వాదించారు. ఆ తర్వాత మోరిస్ హాలీ, పాల్ కిపార్‌స్కీ వంటి ధ్వనిశాస్త్రవేత్తలే ఇంగ్లీషు ఛందస్సుకు సిద్ధాంతాలు కట్టారు. యతిప్రాసలున్న మన భాషలో ఆ పని చేసేవారికి ఉద్యోగార్హత లేదనడం నాకు బాధగా ఉంది.

నేను కొత్త శాఖను అడగడం లేదు. సిద్ధాంత వ్యాసం రెండు శాఖలకు చెందినదైతే అభ్యర్థి ఏ శాఖకైనా అర్హులేనని నిబంధనల్లో ఒక వాక్యం చేర్చండి. అలాంటి దరఖాస్తును పరిశీలించేటప్పుడు రెండో శాఖ నుంచి ఒకరిని కూర్చోబెట్టండి.

ఆమె ఇప్పుడు పద్యంతో సంబంధం లేని ఉద్యోగం చేస్తూ, రాత్రిపూట యతి మైత్రి పట్టికలు రాసుకుంటోంది. తర్వాతి ప్రకటనలో ఆ వాక్యం ఉంటే మళ్లీ దరఖాస్తు చేస్తానంది.

భవదీయుడు,
ఛందస్సు బోధించే ఒక అధ్యాపకుడు