పొత్తు ఒప్పందం పోలింగుకు ముందే ఓటరు చేతికి రావాలి

సంపాదకుల వారికి,

నమస్కారములు. సంకీర్ణ ప్రభుత్వాల గురించి మీ పత్రికలో వచ్చే వ్యాసాలను నేను ఎప్పుడూ శ్రద్ధగా చదువుతాను. వాటిలో చాలావరకు ఏ పార్టీకి ఎన్ని మంత్రి పదవులు దక్కాయన్న లెక్క దగ్గరే ఆగిపోతాయి. రాజధానిలో ఆ లెక్క తేలేవరకు రాష్ట్రం కొసన ఉన్న తాలూకాలో ఏమవుతుందో, మహారాష్ట్రలో ఉంటున్న తెలుగువాడిగా నాలుగు మాటలు రాయాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. ప్రాణహిత దాటితే కాళేశ్వరం, ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది మరాఠీ, తహసీలు కార్యాలయంలో రాసిచ్చేది మరాఠీ. జబ్బు చేస్తే మాకు నాగపూర్ కంటే వరంగల్ దగ్గర. జిల్లా కేంద్రమే రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది, ముంబయి సంగతి చెప్పనవసరం లేదు. మా అహేరి నియోజకవర్గంలో భద్రతా కారణాల వల్ల పోలింగు మధ్యాహ్నం మూడు గంటలకే ముగుస్తుంది కాబట్టి, అడవి ఊళ్ల నుంచి వచ్చేవారు చీకటితోనే బయలుదేరి వచ్చి ఓటు వేస్తారు. అంత కష్టపడి వేసిన ఓటు ఆ తరువాత ఎవరి ఖాతాలోకి వెళ్తుందన్నదే నా ప్రశ్న.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నేను సంకీర్ణాలకు వ్యతిరేకిని కాను. 288 స్థానాలున్న మహారాష్ట్ర శాసనసభలో 1990 నుంచి ఇప్పటివరకు ఏ ఒక్క పార్టీ కూడా మెజారిటీకి కావలసిన 145 స్థానాలకు సొంతంగా చేరలేదు. 2024 నవంబరులో అంత పెద్ద విజయం సాధించిన భారతీయ జనతా పార్టీ కూడా 132 దగ్గరే ఆగింది. ఇంత పెద్ద రాష్ట్రంలో కొంకణానికి ఒక కోరిక, మరాఠ్వాడాకు ఒక కోరిక, విదర్భకు మరొక కోరిక ఉండటం సహజమే కాబట్టి, అవన్నీ ఒక్క పార్టీలో ఇమడకపోవడం తప్పు కాదు. 1999లో కాంగ్రెసు, నేషనలిస్ట్ కాంగ్రెసు విడివిడిగా పోటీచేసి ఫలితాల తరువాత కలిసినప్పటికీ, ఆ కలయిక 2014 వరకు పదిహేనేళ్లు నిలిచింది. కలవడంలో తప్పు లేదు. ఏ షరతుల మీద కలిశారో ఓటరుకు చెప్పకపోవడమే తప్పు.

2019లో జరిగినదాన్ని మీ పాఠకులు మరిచిపోయి ఉండరు. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో భాజపా, శివసేన నాయకులు ఒకే వేదిక మీద కూర్చుని పొత్తు ప్రకటించారు. అక్టోబరు 24న ఫలితాలు వచ్చేసరికి రెండు పార్టీలకు కలిపి 161 స్థానాలున్నాయి. ఆ వారంలోనే ప్రభుత్వం ఏర్పడవలసింది. కాని ముఖ్యమంత్రి పదవిని చెరి సగం కాలం పంచుకుందామని మాట ఇచ్చారని శివసేన, అలాంటి మాటే అనలేదని భాజపా పట్టుబట్టాయి. ఏది నిజమో తేల్చడానికి కాగితం లేదు. ఇద్దరు రైతులు ఎకరం పొలం కౌలుకు మాట్లాడుకున్నా తెల్ల కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకుని, సాక్షి చేత సంతకం పెట్టించుకుంటారు. కోట్ల మంది ప్రజల పాలన మాత్రం నోటిమాట మీద నడిచింది. ఆ నోటిమాట తెగిపోయి, నవంబరు 12న రాష్ట్రపతి పాలన వచ్చింది. 23వ తేదీన తెల్లవారుజామున దాన్ని ఎత్తివేసి, భాజపా నాయకుడు ఫడ్నవీస్ ముఖ్యమంత్రిగా ఒక ప్రభుత్వం చేత ప్రమాణం చేయించారు. సుప్రీంకోర్టు బలపరీక్షకు గడువు పెట్టడంతో ఆ ప్రభుత్వం మూడు రోజులకే తప్పుకుంది. చివరకు 28న శివసేన అధినేత ఉద్ధవ్ ఠాక్రే ముఖ్యమంత్రి అయ్యారు. ఫలితాలు వచ్చి అప్పటికి ముప్పై అయిదు రోజులు. శివసేన, నేషనలిస్ట్ కాంగ్రెసు, కాంగ్రెసు కలిసి ఉమ్మడి కనీస కార్యక్రమాన్ని రాసి విడుదల చేసినది ఆ ప్రమాణ స్వీకారం రోజుననే. రాసినందుకు సంతోషమే, కాని ఓటు వేసిన నెల రోజుల తరువాత చూపించిన కాగితం అది.

మా నియోజకవర్గానికి వస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. 2019లో మేము నేషనలిస్ట్ కాంగ్రెసు అభ్యర్థి ధర్మారావు బాబా ఆత్రాం గారిని, భాజపా అభ్యర్థిని ఓడించి గెలిపించుకున్నాము. ఫలితాల నాడు ఆయన ప్రతిపక్ష కూటమి సభ్యుడు. నెల తిరిగిన కొద్ది రోజులకే అధికార పక్షంలోకి వచ్చారు. 2022 జూన్ ఆఖరున శివసేనలో ఏక్‌నాథ్ షిండే వర్గం విడిపోయి ఠాక్రే ప్రభుత్వం పడిపోగానే మళ్లీ ప్రతిపక్షం. 2023 జూలై 2న, నేషనలిస్ట్ కాంగ్రెసు నుంచి చీలి భాజపా కూటమిలో చేరిన అజిత్ పవార్ గారితోపాటు ప్రమాణం చేసి, ఏ పార్టీని ఓడించి గెలిచారో ఆ పార్టీ పక్కనే మంత్రిగా కూర్చున్నారు. ఒక్క ఓటు, అయిదేళ్లలో నాలుగు స్థానాలు. 2024లో అదే స్థానానికి తండ్రి ఒక కూటమి తరఫున, కుమార్తె మరొక కూటమి తరఫున, వారి దగ్గరి బంధువు స్వతంత్రంగా నిలబడ్డారు. నేను వ్యక్తులను తప్పుపట్టడం లేదు. అభ్యర్థుల్లో ఎవరికి ఓటు వేస్తే ఎవరి ప్రభుత్వం వస్తుందో తెలుసుకునే దారి లేక, ఊళ్లో పెద్దలు సైతం ఇంటిపేరు చూసి ఓటు వేయవలసి వస్తోందని చెబుతున్నాను.

ప్రభుత్వం ఎవరిదైతే మీకేమిటని కొందరు అడుగుతారు. మహారాష్ట్రలో ప్రతి జిల్లాకు ఒక పాలక్ మంత్రి ఉంటారు. జిల్లా ప్రణాళికా సమితికి ఆయనే అధ్యక్షుడు కాబట్టి, రోడ్డు, బడి గది, ఆసుపత్రి మరమ్మతు వంటి పనులకు డబ్బు ఆయన కూర్చున్న సమావేశంలోనే ఖరారవుతుంది. సంకీర్ణంలో ఎక్కువ బేరం జరిగేది కూడా ఈ పదవి దగ్గరే. 2024 ఎన్నికల తరువాతి సంగతే చూడండి. భాజపా, షిండే శివసేన, అజిత్ పవార్ నేషనలిస్ట్ కాంగ్రెసు, ఈ మూడు పార్టీలకు కలిపి 230 స్థానాలు వచ్చిన తరువాత ముఖ్యమంత్రి పేరు ఖరారై ప్రమాణం జరగడానికి పన్నెండు రోజులు పట్టింది. మంత్రులు ప్రమాణం చేసినది డిసెంబరు 15న. పాలక్ మంత్రుల జాబితా వచ్చినది జనవరి 18న, అంటే ఫలితాలు వచ్చిన యాభై ఆరో రోజున. వచ్చిన మరునాడే నాసిక్, రాయగఢ్ జిల్లాల నియామకాలను నిలిపివేశారు. మా గడ్చిరోలిని ముఖ్యమంత్రి ఫడ్నవీస్ గారే తీసుకున్నారు, అందుకు మా జిల్లావాసులు సంతోషించారు, నేనూ సంతోషించాను. కాని అంతకాలం ఆ కుర్చీ ఖాళీగా ఎందుకు ఉండాలి? పైగా అప్పటికే 2022 మార్చి నుంచి మా జిల్లా పరిషత్తులో ఎన్నికైన సభ్యులే లేరు, పరిపాలనాధికారి చేతిలో నడుస్తూ వచ్చింది. ఇటు సభ్యుడు లేక, అటు మంత్రి లేక, మొరపెట్టుకోవడానికి గడపే లేకుండా పోయింది.

ఈ ఖాళీ విలువ ఎంతో మాకు 2022లో తెలిసివచ్చింది. ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు మా రేవులు జనంతో కిటకిటలాడాయి. జూలైలో అవే రేవులు వరదకు మునిగాయి. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన వరద అది. జూన్ 30న ముఖ్యమంత్రిగా ఏక్‌నాథ్ షిండే, ఉపముఖ్యమంత్రిగా ఫడ్నవీస్, ఇద్దరే ప్రమాణం చేశారు. ఆగస్టు 9 వరకు రాష్ట్రంలో మూడో మంత్రి లేరు. పాలక్ మంత్రుల నియామకం సెప్టెంబరు 24న గాని జరగలేదు. వారిద్దరూ వరద రోజులలో జిల్లా కేంద్రానికి వచ్చి సమీక్షించిన మాట నిజమే, అందుకు వారిని గౌరవిస్తాను. అయినా ఇద్దరు మనుషులు ముప్పై ఆరు జిల్లాల భారాన్ని మోయగలరా?

మా తమ్ముడికి ఏటి ఒడ్డున మూడెకరాల చేను ఉంది. జానెడెత్తు పెరిగిన పత్తి మీదుగా నీళ్లు నాలుగు రోజులు నిలిచి తీసేసరికి, నల్లరేగడి కనిపించకుండా ఇసుక మేట వేసింది. తలాఠీ, అంటే గ్రామ రెవెన్యూ అధికారి, వచ్చి పంచనామా రాసినప్పుడు నేను పంచుగా, అంటే సాక్షిగా, సంతకం పెట్టాను. ఇసుక మందం మూడు అంగుళాలు దాటితేనే తొలగింపు సాయం వస్తుందన్న నిబంధన ఉండటంతో ఆయన చేనులో అయిదు చోట్ల గుంట తీయించి, బడిపిల్లల కొలబద్దతో కొలిచారు. ఒక్కచోట కూడా ఎనిమిది అంగుళాలకు తగ్గలేదు. పంట నష్టం కింద కొంత డబ్బు ఖాతాలో పడింది. ఇసుక తొలగింపు దరఖాస్తు మాత్రం, సాత్‌బారా (భూమి హక్కు పత్రం) నకలుతోపాటు, ఒక కార్యాలయంలో ఆగిపోయింది. అడిగిన ప్రతిసారీ అక్కడివారు మర్యాదగానే సమాధానం చెప్పారు: కొత్త మంత్రి గారు రావాలి, సమావేశం జరగాలి, మంజూరు రావాలి. ఆ ఉద్యోగిని నేను నిందించను, పైన ఎవరున్నారో ఆయనకు కూడా తెలియని రోజులు అవి. మా తమ్ముడు రెండు వేసవులు ట్రాక్టరు పెట్టి, అప్పు చేసి ఇసుక ఎత్తించుకున్నాడు. ఒక ఎకరం ఇంకా అలాగే ఉంది.

గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ సంగతి తెలంగాణ పాఠకులకు నేను చెప్పవలసినది కాదు. ఆ బ్యారేజీ ఒక కొస మీవైపు ఉంటే, మరొక కొస మా తాలూకాలోని పోచంపల్లి దగ్గర ఉంది. 2016 ఆగస్టులో రెండు రాష్ట్రాలు ముంబయిలో ఒప్పందం చేసుకున్నాయి, 2019 జూన్ 21న ప్రారంభోత్సవానికి మా ముఖ్యమంత్రి వచ్చారు. 2023 అక్టోబరులో స్తంభాలు కుంగాయి. బ్యారేజీ వెనుక నీటి వల్ల పొలాలు మునుగుతున్నాయని మా రైతులు ధర్నాలు, నిరాహార దీక్షలు చేస్తూ వచ్చారు. ఆ రెండు సంవత్సరాల మధ్య, 2019 నుంచి 2023 వరకు, మా తరఫున హైదరాబాదుతో మాట్లాడవలసిన పక్షం ముంబయిలో ఎన్నిసార్లు మారిందో పైన రాశాను. మాట్లాడేవారు మారినప్పుడల్లా మా అర్జీ మళ్లీ మొదటికి వస్తుంది.

దీనికి చట్టం ఉంది కదా అంటారు. ఉంది. ఫిరాయింపుల నిరోధానికి 1985లో పదో షెడ్యూలు వచ్చింది, మూడోవంతు మంది చీలిపోతే తప్పు లేదన్న వెసులుబాటును 2003లో తీసేశారు. 2022లో శివసేన చీలిక మీద 2023 మే 11న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అప్పటి గవర్నరు బలపరీక్షకు ఆదేశించడం సరికాదని చెప్పింది. అయినా ఠాక్రే బలపరీక్షకు నిలబడకుండా రాజీనామా చేశారు గనుక ఆ ప్రభుత్వాన్ని తిరిగి నిలపలేమన్నది. అనర్హత సంగతి స్పీకరు దగ్గరకు వెళ్లింది, 2024 జనవరి 10న ఆయన శివసేన రెండు వర్గాల్లో ఎవరినీ అనర్హులుగా ప్రకటించలేదు. అంటే తప్పు జరిగిందని తేలడానికి ఏడాది పట్టింది, తేలిన తరువాత కూడా దాన్ని దిద్దే మార్గం దొరకలేదు. ఆ చట్టం ఎమ్మెల్యేకు, పార్టీకి మధ్య బంధాన్ని చూస్తుంది. ఓటరుకు, కూటమికి మధ్య బంధం దాని కంటికి ఆనదు.

అందువల్ల నేను కోరేది చిన్న విషయం. కలిసి పోటీచేసే పార్టీలు నామినేషన్ల గడువు ముగిసేలోగా తమ ఒప్పందాన్ని రాతపూర్వకంగా ప్రకటించాలి. ముఖ్యమంత్రి పదవి ఏ ప్రాతిపదిక మీద ఎవరికి, ఎంతకాలం అన్నది అందులో ఉండాలి. ప్రమాణం జరిగిన వారం రోజులలో పాలక్ మంత్రులను నియమిస్తామన్న హామీ ఉండాలి. పొత్తు తెగితే ఓటరుకు ఏ విధంగా జవాబు చెబుతారో కూడా ఉండాలి. ఎన్నికలకు ముందే కలిసిన కూటమిని ప్రభుత్వ ఏర్పాటుకు మొదట పిలవాలని కేంద్ర, రాష్ట్ర సంబంధాలను పరిశీలించిన సర్కారియా కమిషన్ సూచించింది. ఆ గౌరవం కావాలనుకునేవారు తమ ఒప్పందాన్ని బయట పెట్టాలనడం న్యాయమే. మా వంటి తాలూకాలో అది మరాఠీతోపాటు తెలుగులోను, మాడియా గోండు సోదరులకు వారి మాటలోను చదివి వినిపించాలి.

ఇది అసాధ్యమేమీ కాదు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం, జనసేన పోలింగుకు ముందే ఉమ్మడి మేనిఫెస్టో విడుదల చేశాయి. జూన్ 4న ఫలితాలు వస్తే 12న ముఖ్యమంత్రితోపాటు మంత్రులందరూ ప్రమాణం చేశారు, 14న శాఖలు కూడా ఖరారయ్యాయి. తెలుగుదేశానికి సొంతంగానే 135 స్థానాలు ఉండటం వల్ల అక్కడ బేరానికి తావు తక్కువ, ఆ సంగతి ఒప్పుకుంటాను. అయినా ముందే రాసుకుని, ముందే చెప్పిన పొత్తు కాబట్టి ఎవరు ఏ పక్షమో ఓటరుకు తెలిసింది.

మా జిల్లా పరిషత్తు ఎన్నికలు ఎప్పుడు జరిగినా గడ్చిరోలిలో మళ్లీ పొత్తులు కుదురుతాయి. అక్కడే మొదలుపెట్టమని అధికార కూటమిలోని మూడు పార్టీల వారిని, ప్రతిపక్షంలోని మూడు పార్టీల వారిని కోరుతున్నాను. తాలూకాకు ఒక కాగితం, అడుగున అందరి సంతకాలు. మీ పత్రిక ఆ ప్రశ్నను వారి ముందు పెట్టి, వచ్చిన జవాబులను యథాతథంగా అచ్చువేస్తే, ఆ పుటను నేను సిరొంచ బజారులో చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర.
ఫిబ్రవరి 2025