ఏప్రిల్ వార్తాలేఖ: ఆ గురువారం చాపెల్‌లో జరిగిన దాని గురించి

తల్లిదండ్రులందరికీ వందనాలు.

మామూలు విషయాలు త్వరగా చెప్పేస్తాను. ఒంటిపూట బడులు కాబట్టి పిల్లలు 7:40 కల్లా గేటు లోపల ఉండాలి, వార్షిక పరీక్షల టైంటేబుల్ డైరీల్లో అంటించాం, ఫీజు బాకీ ఉన్నవాళ్ళు దయచేసి ఆఫీసులో కట్టేయండి, ఎండలు ముదిరాయి కనుక నీళ్ళ సీసా మరవకండి.

ఇక మీరంతా మాట్లాడుకుంటున్న విషయానికి వస్తాను. ఈస్టర్‌కు ముందు గురువారం మన చాపెల్‌లో తొమ్మిదో తరగతి పిల్లలు ఆరుగురు మన ఆయమ్మల కాళ్ళు కడిగి తుడిచారు. ఎవరో తీసిన ఫోటో సాయంత్రానికల్లా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. "చదువుకోమని పంపిస్తున్నాం గానీ పనివాళ్ళ కాళ్ళు కడగమని కాదు" అన్న మెసేజ్ నేనూ చదివాను. మర్నాడు గుడ్ ఫ్రైడే ఆరాధన అయ్యాక కూడా గుడి ఆవరణలో ఇదే చర్చ జరిగిందని విన్నాను. ఒక అమ్మమ్మగారు నాకు ఫోన్ చేసి ఏడ్చారు.

జరిగింది జరిగినట్టు చెబుతాను. ఎవరినీ బలవంతపెట్టలేదు. ఇష్టమున్నవాళ్ళు పేర్లివ్వమంటే పద్నాలుగు పేర్లు వచ్చాయి, సమయం లేక ఆరుగురినే తీసుకున్నాం. ముందు నేను వాచ్‌మన్ గారి కాళ్ళు కడిగాను, తర్వాత టీచర్లు కడిగారు, పిల్లల వంతు చివరిది. మీకు ముందుగా ఒక చీటీ పంపాల్సింది. పంపకపోవడం నా పొరపాటు, దానికి క్షమించమని అడుగుతున్నాను. పిల్లలు చేసిన పనికి మాత్రం క్షమాపణ చెప్పలేను.

మన ప్రాంతంలో కాళ్ళు కడగడం కొత్త సంగతేమీ కాదు. ఎండన పడి వచ్చిన చుట్టానికి చెంబుతో నీళ్ళిస్తాం. మన చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో మామగారు అల్లుడి కాళ్ళు కడుగుతుంటే ఊరంతా కూర్చుని చూస్తుంది, ఆయనకు చిన్నతనమని ఎవరూ అనుకోరు. మరి ఇక్కడ మనకు కష్టంగా అనిపించింది కడగడమా, ఎవరి కాళ్ళు అన్నదా? ఈ ప్రశ్న మిమ్మల్ని నొప్పిస్తుందని తెలిసే అడుగుతున్నాను. ఇంకో మాట కూడా ఉంది. మన బడిలో హిందూ, ముస్లిం కుటుంబాల పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళ ఇళ్ళ నుంచి నాకు ఒక్క ఫిర్యాదూ రాలేదు. వచ్చినవన్నీ ఆదివారం ముందు వరుసలో కూర్చునే ఇళ్ళ నుంచే.

యేసు ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగిన యోహాను సువార్త 13వ అధ్యాయం మనందరికీ కంఠస్థమే. కానీ యేసు ప్రభువు లేచి తువాలు నడుముకు కట్టుకునే ముందు సువార్తికుడు రాసిన మాటను మనం గబగబా దాటేస్తాం. తండ్రి సమస్తాన్నీ తన చేతికిచ్చాడని, తాను ఎక్కడి నుంచి వచ్చాడో ఎక్కడికి వెళ్తున్నాడో ఆయనకు తెలుసు. అది తెలిసే పళ్ళెంలో నీళ్ళు పోశాడు. తనెవరో తెలిసినవాడికి వంగితే పోయేదేమీ ఉండదు. ఆ గదిలో ఆయన్ను పట్టించబోయే యూదా కాళ్ళు కూడా ఉన్నాయి, ఆయన వాటిని వదిలిపెట్టలేదు. తగ్గింపు తగ్గింపు అని, అంటే వినయం కావాలని, మనం ఎంతో ప్రార్థిస్తాం. ఆ మాటను తరతరాలుగా తల వంచుకునే బతికినవాళ్ళకు చెప్పి, వాళ్ళనే ఇంకా తగ్గమనడం అన్యాయం. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో అపొస్తలుడైన పౌలు చూపించింది పైనుంచి దిగివచ్చిన క్రీస్తును. అందుకే మా వరుస నాతో మొదలైంది.

ఇక్కడ నేను ఏటా చెప్పేదే మళ్ళీ చెబుతున్నాను, విసుగనుకోకండి. తెలంగాణలోని డోర్నకల్‌లో బిషప్‌గా ఉన్న అజరయ్య గారి గురించి మన పిల్లలకు తెలియకపోతే నా మనసు ఊరుకోదు. ఆయన తమిళుడు, తిరునెల్వేలి ప్రాంతం వారు. వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువజన సంస్థలో కార్యదర్శిగా మంచి పేరున్న మనిషి. ఆ పని వదులుకుని 1909లో డోర్నకల్ వచ్చేనాటికి ఆయనకు 35 ఏళ్ళు. ఆ వయసులో తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. అంత పదవి వచ్చాక కూడా ఆయన జీవితం గడిచింది పల్లెల్లోనే. ఆ సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు, లోకం దూరంగా నిలబెట్టినవారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ దేవాలయాన్ని ఒకసారి పిల్లలకు చూపించండి. పరదేశపు నమూనాను తెచ్చి నిలబెట్టకుండా, మన దేశపు గుడుల స్తంభాలనూ మసీదుల గుమ్మటాలనూ కలిపి కట్టించారు. ఎదుటివాడి భాషను అక్షరాల దగ్గర్నుంచి నేర్చుకోవడం ఎంత తగ్గింపో ఆలోచించండి! తప్పు పలికి చిన్నపిల్లల చేత దిద్దించుకోవాలి. అందుకే అసెంబ్లీలో పది నిమిషాలు తెలుగు బైబిలు పైకి చదివించడం నేను ఎన్నటికీ మానను. "తెలుగు ఎందుకు మేడమ్, ఇంగ్లీషు ఉందిగా" అనేవారికి ఇదే నా జవాబు.

ఆ గురువారం మన పిల్లల్ని మీరు చూసి ఉంటే బాగుండేది. ఒక అమ్మాయి బడి తువాళ్ళు గరుకుగా ఉంటాయని ఇంటి నుంచి మెత్తటి తువాలు తెచ్చుకుంది. సైన్సులో ఎప్పుడూ మొదటి మార్కు తెచ్చుకునే అబ్బాయి నీళ్ళు చల్లగా ఉన్నాయా, వెచ్చగా ఉన్నాయా అని మోచేయి ముంచి చూశాడు. మన పెద్ద ఆయమ్మ మొదట కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. "వద్దు నాన్నా, నీకెందుకీ పని" అన్నారు. ఆ రాత్రి యేసు ప్రభువు కాళ్ళు కడగబోతే శిష్యుడు పేతురు అన్నదీ ఆ మాటే కదా! ఆ అబ్బాయి ఏమీ అనకుండా అలాగే కూర్చున్నాడు, ఆమె ఒప్పుకునేదాకా. నాకు కన్నీళ్ళాగలేదు. అయిపోయాక చూడ్డానికి వచ్చిన నాలుగో తరగతి పాప ఒకటి అడిగింది: "మేడమ్, ఆయమ్మ మడమలు ఎందుకలా పగిలాయి?" ఇరవై రెండేళ్ళుగా ఆమె ఫినాయిల్ నీళ్ళలో ఉత్త కాళ్ళతో నిలబడి మన వరండాలు కడుగుతున్నారు. రోజూ చూస్తూ నేనెన్నడూ అడగని ప్రశ్న అది. సోమవారమే అందరికీ రబ్బరు బూట్లు తెప్పించాం.

విధేయత విషయంలో, కుష్ఠు నయం చేయమని ప్రవక్త దగ్గరికి వెళ్ళిన సేనాధిపతి నయమాను కథ గుర్తు చేసుకోండి. పెద్ద పని చెప్పి ఉంటే చేసేవాడే. యొర్దాను నదిలో ఏడుసార్లు మునగమన్న చిన్న మాటకు కోపం వచ్చింది. మన ఇళ్ళలో నాకు కనిపిస్తున్నదీ అదే. గుడి కట్టడానికి ధారాళంగా ఇస్తాం. పధ్నాలుగేళ్ళ పిల్లవాడు తిన్న కంచం తాను తీయడు, అమ్మ తీస్తుంది. గేటు నుంచి క్లాసు దాకా తాతగారు బ్యాగు మోస్తుంటే పిల్లలు చేతులూపుకుంటూ ముందు నడుస్తారు. ఆయమ్మల్ని "ఏయ్" అని పిలవడం వాళ్ళకు మేము నేర్పలేదు. ఎక్కడో విని ఉంటారు, ఎక్కడ విన్నారో మీరే చూసుకోవాలని ప్రేమతో కోరుతున్నాను. కుటుంబ ప్రార్థనలో ఫోన్లు పక్కన పెట్టండని కూడా. బైబిల్లో హబక్కూకు గ్రంథం ఎక్కడుందో వెతకలేని ఎనిమిదో తరగతి పిల్లలున్నారు మనకు.

సోమవారం నుంచి బ్యాగు గేటు దగ్గరే పిల్లల భుజానికి తగిలించండి. లోపలికి మోసుకెళ్ళడానికి పెద్దవాళ్ళను వాచ్‌మన్ గారు పంపరు, ఆయనతో వాదించకండి, అది నేను పెట్టిన నియమం. వచ్చే ఏడు కూడా ఈ కార్యక్రమం ఉంటుంది, ఈసారి ముందుగా చీటీ పంపుతాను. ఇష్టం లేనివాళ్ళు పంపనక్కర్లేదు, పిల్లలకు ఏ ఇబ్బందీ ఉండదు. మాట్లాడాలనుకునేవాళ్ళు శనివారం పది గంటలకు నా గదికి రండి, ఎంతసేపైనా వింటాను.

ఒక్క మనవి. ఆ ఫోటో ఫోన్లో ఉన్నవాళ్ళు దయచేసి తీసేయండి. మన పిల్లల మొహాల గురించి ఇంతమంది అడిగారు గానీ, తన పగిలిన కాళ్ళు ఊరంతా చూసినందుకు ఆయమ్మ ఎంత సిగ్గుపడ్డారో ఎవరూ అడగలేదు. తీయించమని ఆమే నన్ను అడిగారు.

ప్రభువు సేవలో,
మీ ప్రధానోపాధ్యాయురాలు